మూతి మీద, గడ్డం కింద వెంట్రుకలు వస్తాండాయా? పార్లర్‌కి పోయే ముందు ఇవి చూసుకోండి

పై పెదవి మీద సన్నగా నూగు ఉండటం వేరు, గడ్డం కింద నల్లగా గరుకుగా వేలికి గుచ్చుకునే వెంట్రుకలు రావడం వేరు. మొదటిది చూసి ఊరికే భయపడేవాళ్ళు కొందరు, రెండోది వచ్చినా మామూలేలే అని ఏళ్ళ తరబడి థ్రెడింగ్‌తోనే నెట్టుకొచ్చేవాళ్ళు ఇంకొందరు. నేను డాక్టర్ని కాదు, ఫార్మసీ చదివి అనంతపురంలో ఒక మెడికల్ షాపులో కూర్చుంటా. మొహానికి చున్నీ కట్టుకుని వచ్చి, పక్కన మగోళ్ళు ఎవరూ లేరని చూసుకుని, ఫోన్లో ఏదో క్రీమ్ ఫోటో చూపించి అక్కా ఇది ఉందా అని మెల్లగా అడిగే ఆడపిల్లలు మా షాపుకి వస్తూనే ఉంటారు. వాళ్ళకి కౌంటర్ దగ్గర నిలబడి చెప్పలేనిదంతా ఇక్కడ రాస్తాండా.

ముందు పగటి వెలుతురులో కిటికీ దగ్గర నిలబడి అద్దంలో చూసుకోండి. బుగ్గల మీద, చెవుల ముందర మెత్తగా, రంగు లేకుండా ఉండేది నూగు, అది అందరికీ ఉంటుంది, దాని జోలికి పోకండి. మీరు చూడాల్సింది నల్లటి గరుకు వెంట్రుకలు ఎక్కడెక్కడ ఉండాయి అని, అదీ మొహం ఒక్కటే చూస్తే చాలదు. డాక్టర్లయితే పై పెదవి, గడ్డం, ఛాతీ, పొట్ట పైభాగం, బొడ్డు కింద, భుజం నుంచి మోచేతి దాకా, తొడలు, వీపు పైన, నడుము, ఇట్లా తొమ్మిది చోట్ల చూసి ఒక్కో చోటికి 0 నుంచి 4 దాకా మార్కులేసి మొత్తం 36కి లెక్క కడతారు. ఈ పద్ధతికి మూలం 1961లో ఫెర్రిమన్, గాల్వే అనేవాళ్ళు చేసింది. 8 గానీ, ఆ పైన గానీ వస్తే ఎక్కువ అని చాలాకాలం అనుకున్నారు, ఇప్పుడు జాతిని బట్టి 4 నుంచి 6 వచ్చినా పట్టించుకోమంటాండారు. మీరు ఇంట్లో మార్కులు వేసుకోనక్కర్లేదు, మొహం మీద మాత్రమే ఉండాయా లేక ఛాతీ మీద, బొడ్డు కింద గీతలాగా కూడా వస్తాండాయా అన్నది తెలిస్తే చాలు.

ఆ తర్వాత రెండు ప్రశ్నలు, నా లెక్కలో అసలు విషయమంతా వీటిలోనే ఉంది. ఒకటి, నెలసరి టైముకి వస్తాందా? 21 నుంచి 35 రోజుల మధ్యలో వస్తే సరే. 35 రోజులు దాటి దాటి వస్తాంటే, ఏడాదికి ఎనిమిది సార్లు కూడా రాకుంటే, లోపల హార్మోన్లు సరిగ్గా లేవని అర్థం. పెద్దమనిషి అయిన కొత్తల్లో రెండు మూడేళ్ళు కొంచెం అటూ ఇటూ కావడం మామూలే కాబట్టి పదమూడేళ్ళ పిల్లని పట్టుకుని కంగారు పడొద్దు, అట్లని మూడు నెలలకొకసారి కూడా రాకుంటే మాత్రం చూపించాల్సిందే. రెండోది, వెంట్రుకలు ఎంత వేగంగా వచ్చినాయి? పదిహేను పదహారేళ్ళప్పుడు మొదలై మెల్లగా పెరుగుతూ వస్తాంటే దానికి టైముంది, నింపాదిగా చూపించుకోవచ్చు. ఏమీ లేని మనిషికి నాలుగైదు నెలల్లోనే గడ్డం మొత్తం నల్లబడి, గొంతు బొంగురుపోయి, నడినెత్తిన జుట్టు మగోళ్ళకి పలచబడినట్లు పలచబడి, నెలసరి ఆగిపోయిందంటే మాత్రం వారం కూడా ఆగొద్దు. అండాశయంలోనో, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథిలోనో గడ్డ ఉందేమో చూడాలి. అది చాలా అరుదు, కానీ పార్లర్లో కూర్చుని టైము పోగొట్టుకునే కేసు కాదు.

అసలు వెంట్రుకలు ఎందుకొస్తాయంటే, మగ హార్మోన్ అని మనం అనుకునే టెస్టోస్టిరాన్ ఆడవాళ్ళలో కూడా ఉంటుంది, అండాశయాలూ అడ్రినల్ గ్రంథులూ కొంచెం కొంచెం చేస్తూనే ఉంటాయి. అది ఎక్కువైనా, లేదా దాని మోతాదు మామూలుగానే ఉండి వెంట్రుక కుదుళ్ళు దానికి ఎక్కువగా స్పందించినా, మెత్తటి నూగు కాస్తా నల్లటి గట్టి వెంట్రుకగా మారిపోతుంది. ఒకసారి అట్లా మారిన వెంట్రుక ఊరికే మళ్ళీ నూగు కాదు. మాత్రలు వేసుకుంటాండా కదా ఇంకా పోలేదేంటి అని నెలకే అడిగేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఎక్కువమందిలో కారణం పీసీఓఎస్, అంటే అండాశయాల్లో హార్మోన్లు దారి తప్పే సమస్య. ఇట్లా గరుకు వెంట్రుకలతో డాక్టర్ దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో ప్రతి నలుగురిలో ముగ్గురి దాకా ఇదే ఉంటుంది. మన దగ్గర దీన్ని గర్భసంచిలో నీటి బుడగలు అంటారు, స్కాన్ రిపోర్టు చేతిలో పట్టుకుని బుడగలు కరిగే మందు ఇవ్వమని అడుగుతారు. అవి గర్భసంచిలో ఉండవు, అండాశయాల్లో ఉంటాయి, అవి గడ్డలూ కావు, పూర్తిగా ఎదగకుండా మధ్యలోనే ఆగిపోయిన అండాల సంచులు. కరిగించాల్సింది ఏమీ లేదు. బుడగలు కనిపించినంత మాత్రాన పీసీఓఎస్ అని కూడా కాదు. నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్ ఎక్కువున్న లక్షణాలు లేదా రక్తంలో అది ఎక్కువుండటం, స్కాన్లో బుడగలు, ఈ మూడింటిలో రెండైనా ఉండాలి, మిగతా కారణాలు లేవని తేల్చుకోవాలి, 2003లో రోటర్‌డామ్‌లో కూర్చుని డాక్టర్లు పెట్టుకున్న లెక్క ఇది. పెద్దమనిషై ఎనిమిదేళ్ళు దాటని పిల్లలకి స్కాన్ చూసి పీసీఓఎస్ అని తేల్చకూడదు, ఆ వయసులో బుడగలు మామూలుగానే కనిపిస్తాయి.

దీనికీ షుగరుకీ దగ్గరి సంబంధం ఉంది. మెడ వెనకాల, చంకల్లో నల్లగా మందంగా మురికి పట్టినట్లు ఉంటుంది చూడండి, పాపం ఆ పిల్లల్ని స్నానం సరిగ్గా చెయ్యవా అని పీచుతో రుద్దే తల్లులు ఉండారు. అది మురికి కాదమ్మా, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువై తిరుగుతాందని గుర్తు. ఆ ఎక్కువైన ఇన్సులినే అండాశయాన్ని పొడిచి టెస్టోస్టిరాన్ చేయిస్తుంది, ఇంకోవైపు ఆ హార్మోన్‌ని పట్టి ఉంచే ప్రోటీన్‌ని లివర్లో తగ్గిస్తుంది, దాంతో రక్తంలో విడిగా తిరిగే మగ హార్మోన్ ఇంకా పెరుగుతుంది. సన్నగా ఉండేవాళ్ళకి కూడా పీసీఓఎస్ వస్తుంది, లావుగా లేవు కదా నీకెందుకుంటుంది అని ఎవరైనా అంటే నమ్మొద్దు.

నెలసరి ఠంచనుగా వస్తాంది, పరీక్షలన్నీ నార్మల్, కానీ అమ్మకీ పిన్నికీ మేనత్తకీ అట్లే ఉంది అంటే అది వంశపారంపర్యం, కుదుళ్ళ స్వభావమే అంత. జబ్బు కాదు కాబట్టి ఇష్టముంటే తీయించుకోండి, లేకుంటే వదిలేయండి. పుట్టుకతో అడ్రినల్ గ్రంథిలో ఒక ఎంజైమ్ తక్కువుండటం వల్ల కూడా కొందరికి వస్తుంది, పైకి చూస్తే అచ్చం పీసీఓఎస్ మాదిరే ఉంటుంది, రక్త పరీక్ష చేస్తేనే తేలుతుంది. మేనరికాలు ఎక్కువున్న ఇళ్ళల్లో డాక్టర్‌కి ఆ విషయం తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఇది తల్లిదండ్రులిద్దరి వైపు నుంచీ వస్తేనే బయటపడే జబ్బు. మొహం గుండ్రంగా ఉబ్బి, పొట్ట మీద వంగపండు రంగులో వెడల్పు చారలు పడి, కూర్చుని లేవలేకుండా తొడల్లో బలం తగ్గి, బీపీ షుగరు ఒక్కసారిగా వచ్చినాయంటే అడ్రినల్ గ్రంథి చేసే కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువైందేమో అనుమానించాలి. నొప్పులకని ఊర్లో ఆర్‌ఎంపీ ఇచ్చే పేరు లేని పొట్లం మాత్రల్లో, ఆయాసానికిచ్చే పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉంటే కూడా ఇదే జరుగుతుంది. ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్, ఫెనిటాయిన్, జుట్టు కోసం రాసుకునే మినాక్సిడిల్ లాంటివి కూడా వెంట్రుకల్ని పెంచగలవు. అట్లని ఫిట్స్ మాత్ర మీ అంతట మీరు ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది, రాసిచ్చిన డాక్టర్నే అడగండి.

ముట్లు ఉడిగినాక గడ్డం మీద నాలుగైదు బిరుసు వెంట్రుకలు రావడం చాలామందికి ఉండేదే, ఆడ హార్మోన్ తగ్గిపోయి ఉన్న మగ హార్మోన్‌దే పైచేయి అవుతుంది. పట్టకారుతోనో కత్తెరతోనో తీసేసుకుంటే సరిపోతుంది. ఆ వయసులో గబగబా పెరిగితే మాత్రం పైన చెప్పినట్లే పరుగెత్తాలి.

ఇప్పుడు నాకు కడుపు మండే విషయం, తెల్లబడే క్రీములు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లు మీ ట్యూబు మీద ఉండాయేమో చూడండి, ఇవన్నీ స్టెరాయిడ్లు. వారంలో మొహం తెల్లగా నున్నగా అయిపోతుంది, అందుకే పక్కింటావిడ చెప్పింది, చెల్లెలు వాడింది అని కొనేస్తారు. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి ఎర్ర నరాలు కనపడతాయి, మొటిమలు వస్తాయి, ఎండలోకి పోతే మంట, బుగ్గల మీద వెంట్రుకలు కూడా మొదలు. ఆపితే ఇంకా మండుతుంది కాబట్టి మళ్ళీ అదే రాస్తారు. 2018లో ఇట్లాంటి క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం రూలు పెట్టింది, అయినా యాడ దొరకడం లేదు చెప్పండి, మా వ్యాపారం చేసేవాళ్ళలోనే అడగ్గానే తీసిచ్చేవాళ్ళు ఉండారు. మీరు వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా ట్యూబు తీసుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికే పోండి, మెల్లగా ఎట్లా తగ్గించాలో వాళ్ళు చెప్తారు.

డాక్టర్ ఎవరంటే, నెలసరి సమస్య ఉంటే గైనిక్ దగ్గర, లేకుంటే స్కిన్ డాక్టర్ దగ్గర మొదలుపెట్టండి. డబ్బులకి ఇబ్బందైతే అనంతపురం, కర్నూలు సర్వజన ఆసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో ఓపీ చీటీ తీసుకుని చూపించుకోవచ్చు, పొద్దున్నే పోతే రద్దీ తప్పుతుంది. హార్మోన్ల లెక్క తేలకుంటే ఎండోక్రినాలజిస్ట్ దగ్గరికి పంపుతారు, తిరుపతి స్విమ్స్‌లో ఆ డిపార్ట్‌మెంట్ ఉంది, మా అనంతపురం వాళ్ళయితే బెంగళూరు దగ్గర కాబట్టి అటే పోతారు. పోయే ముందు చివరి నాలుగైదు నెలసరి తేదీలు, వాడుతున్న మాత్రలు, క్రీములు అన్నీ ఫోన్లో రాసుకుని పోండి. వెంట్రుకలు తీయించుకుని శుభ్రంగా పోతే డాక్టర్‌కి ఏం కనపడుతుంది? కనీసం కొన్నాళ్ళు తీయకుండా పోండి, ఆ మొహంతో బయటికి రాలేము అనిపిస్తే పెరిగినప్పుడు ఫోటో తీసి పెట్టుకుని చూపించండి.

పరీక్షల్లో టెస్టోస్టిరాన్, డీహెచ్ఈఏ సల్ఫేట్, 17 హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్లు, థైరాయిడ్, షుగరు, కొలెస్ట్రాల్ ఉంటాయి, డాక్టర్ అన్నీ రాయకపోవచ్చు, మీరు పట్టుబట్టి అన్నీ చేయించనక్కర్లేదు. నెలసరి మొదలైన రెండో రోజు నుంచి ఐదో రోజు లోపల పొద్దున ఎనిమిది తొమ్మిది గంటలకల్లా రక్తం ఇస్తే లెక్క నమ్మకంగా ఉంటుంది. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటాంటే పరీక్షకి రెండు మూడు రోజుల ముందే ఆపేయండి, అవి హార్మోన్ల రిపోర్టుల్ని తారుమారు చేస్తాయి, ఈ మాట ల్యాబులో కూడా చాలామంది చెప్పరు. టెస్టోస్టిరాన్ డెసిలీటరుకి 150, 200 నానోగ్రాములు దాటితే గడ్డ కోసం వెతుకుతారు, పీసీఓఎస్‌లో మామూలుగా అంత పోదు. పెళ్లికాని పిల్లలకి స్కాన్ అంటే తల్లులు భయపడతారు, నిండా నీళ్ళు తాగించి పొట్ట మీద నుంచే చేస్తారు, లోపలి స్కాన్ చెయ్యరు.

మందుల సంగతికొస్తే, పీసీఓఎస్‌కి ఎక్కువగా మొదట రాసేది గర్భనిరోధక మాత్రలే, చీటీ చూడగానే పెళ్లి కాని పిల్లకి ఈ మాత్రలేంది అని షాపులోనే గొడవ పెట్టుకునే అమ్మలు ఉండారు. అవి ఇక్కడ గర్భం రాకుండా ఉండేదానికి కాదు, అండాశయం చేసే మగ హార్మోన్ తగ్గించి నెలసరి దారిలో పెట్టేదానికి. కాకపోతే ఇంతకుముందు కాళ్ళల్లో రక్తం గడ్డ కట్టినవాళ్ళు, కళ్ళ ముందు మెరుపులు వచ్చి తలనొప్పి వచ్చేవాళ్ళు, బీపీ ఎక్కువున్నవాళ్ళు అది డాక్టర్‌కి చెప్పకుండా వేసుకోకూడదు, అందుకే అక్క వాడే షీటు చెల్లెలు వాడటం తప్పు. ఆరు నెలలైనా తేడా చాలనప్పుడు మగ హార్మోన్ పనిని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ అనే మాత్ర కలుపుతారు, అది వేసుకున్నన్నాళ్ళు గర్భం రాకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే ఎదుగుదల దెబ్బతింటుంది. పిల్లల కోసం చూస్తాంటే ముందే చెప్పండి. మెట్‌ఫార్మిన్ షుగరుకీ నెలసరికీ మంచిదే, వెంట్రుకల మీద మాత్రం దాని పని అంతంతే. ఏ మాత్రయినా వెంట్రుకల్లో తేడా తెలియాలంటే కనీసం ఆరు నెలలు పడుతుంది, కొత్తవి నల్లబడకుండా ఆపడమే మాత్ర పని, ఉన్నవాటిని విడిగా తీయాల్సిందే.

ఆ తీసే దాంట్లో మొహానికి అన్నిటికన్నా తక్కువ నష్టం చేసేది రేజర్ అంటే ఎవరూ నమ్మరు. గీస్తే గడ్డం మందంగా వస్తుందనేది అబద్ధం, వెంట్రుక మొన తెగి మొండిగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా తగులుతుందంతే, కుదురుకి తెలియను కూడా తెలియదు. మొహానికని చిన్న రేజర్లు దొరుకుతాయి, కొంచెం జెల్ రాసి గీసుకోవచ్చు, ఇంకొకరిది మాత్రం వాడొద్దు. థ్రెడింగ్ పై పెదవికి పర్లేదు, కాకపోతే దారం నోట్లో పట్టుకుని చేస్తారు చూడండి, ఆ పార్లర్ వద్దు, మెడకి కట్టుకుని చేసేవాళ్ళ దగ్గరికి పోండి, దారం ఎవరికి వాళ్ళకి కొత్తది ఉండాలి, పులిపిర్లు ఒక మొహం నుంచి ఇంకో మొహానికి అంటుకునేది ఇట్లానే. గడ్డం మీద గట్టి వెంట్రుకల్ని పదే పదే పీకితే మన రంగు చర్మానికి లోపలే వంకర తిరిగి పుండ్లు పడతాయి, తర్వాత నల్ల మచ్చలు, వెంట్రుక కన్నా ఆ మచ్చలే ఎక్కువ బాధ పెడతాయి. మొటిమలకి అడాపలీన్, ట్రెటినోయిన్ రాస్తాంటే, ఐసోట్రెటినోయిన్ మాత్రలు మింగుతాంటే వ్యాక్స్ ఎట్టి పరిస్థితిలో చేయించుకోవద్దు, చర్మం కూడా పొరలా లేచొస్తుంది. కాళ్ళకి రాసే వెంట్రుకల క్రీము మొహానికి రాయొద్దు. బ్లీచయితే ముందురోజు మోచేతి మడతలో కొంచెం రాసి చూసుకోండి. ఎఫ్లోర్నిథిన్ అనే క్రీము ఒకటి ఉంది, పెరిగే వేగం తగ్గిస్తుంది, రోజుకి రెండుసార్లు రాస్తే రెండు నెలలకి తెలుస్తుంది, ఆపితే మళ్ళీ మామూలే. చీటీ మీదే తీసుకోండి.

పసుపు, శనగపిండి నలుగు పెట్టి రుద్దితే వెంట్రుకలు రావు అని మన అవ్వలు చెప్తారు, నూగు కొంచెం రాలొచ్చేమో కానీ హార్మోన్ వల్ల వచ్చిన వెంట్రుక దానికి లొంగదు, గట్టిగా రుద్దితే మొహం నల్లబడుతుంది. నిమ్మరసం రాసుకుని మన ఎండలోకి పోతే బొబ్బలే. పుదీనా టీ మీద చిన్న చిన్న స్టడీలు ఉండాయి, హార్మోన్ కొంచెం తగ్గింది కానీ డాక్టర్లు చూసి లెక్కేస్తే వెంట్రుకల్లో తేడా కనిపించలే, తాగితే తాగండి, దాని మీద ఆశ మాత్రం పెట్టుకోకండి.

లేజర్ గురించి అడిగేవాళ్ళే ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. లేజర్ వెంట్రుకలోని నలుపుని పట్టుకుని కుదుర్ని కాలుస్తుంది, కాబట్టి తెల్ల వెంట్రుకలకీ రంగులేని నూగుకీ పనిచెయ్యదు. మన చర్మంలో కూడా నలుపు ఉంటుంది కదా, అందుకే మనకి డయోడ్ 810 కానీ, ఇంకా నల్లగా ఉంటే ఎన్‌డీ యాగ్ 1064 కానీ అనే రకం లేజర్ మిషన్ వాడాలి, మిషన్ ఏది అని అడగండి, అడిగితే తప్పేం లేదు. చేసేది స్కిన్ డాక్టర్ దగ్గరయితే మంచిది. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి, ఆరు ఎనిమిది సిట్టింగులు పడతాయి, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు టచప్ కావాలి. పూర్తిగా పోతాయని ఎవరైనా గ్యారంటీ ఇస్తే ఆ మాటే అనుమానించాలి, బాగా తగ్గుతాయి అన్నంతవరకే నిజం. లేజర్‌కి నెల ముందు నుంచి థ్రెడింగ్, వ్యాక్స్ ఆపేయాలి, కుదురులో వెంట్రుక లేకుంటే లేజర్ దేన్ని కాలుస్తుంది? రేజర్ వాడొచ్చు. సిట్టింగుకి ముందూ వెనకా ఎండ తగలకూడదు, కడప, కర్నూలు ఎండల్లో స్కూటీ మీద తిరిగేవాళ్ళు సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తక్కువ కాకుండా రాసి పైన చున్నీ కూడా కట్టుకోవాలి, వీలైతే ఎండాకాలం వదిలి కార్తీకం తర్వాత మొదలుపెట్టండి. ఇంకొకటి, బుగ్గల మీద మెడ మీద సన్న నూగుకి లేజర్ కొడితే కొందరికి ఉల్టా అవి నల్లగా గట్టిగా మారతాయి, పీసీఓఎస్ వాళ్ళలో ఇది ఎక్కువ చూస్తారు, ప్యాకేజీలో ఫుల్ ఫేస్ కలిపిస్తాం అన్నా ఒప్పుకోవద్దు. హార్మోన్ సంగతి తేల్చుకోకుండా లేజర్‌కి డబ్బులు పోస్తే కొత్తవి పుట్టుకొస్తూనే ఉంటాయి, అందుకే మొదటి నుంచీ నెలసరి నెలసరి అంటాండా. తెల్లవాటికయితే ఎలక్ట్రోలిసిస్ ఉంది, ఒక్కో కుదురులో సన్న సూది పెట్టి కాలుస్తారు, శాశ్వతంగా పోతుంది కానీ ఓపిక కావాలి.

బరువు ఎక్కువున్నవాళ్ళు ఉన్నదాంట్లో నూటికి ఐదు పది వంతులు తగ్గినా నెలసరి, ఇన్సులిన్ బాగుపడతాయి, వెంట్రుకలు మాత్రం దాంతోనే పోవు. రాగి సంగటి ఆరోగ్యం అని పెద్ద ముద్దలు రెండు లాగించి పడుకుంటే లాభం లేదు, ముద్ద చిన్నది చేసి పప్పుకూర, ఆకుకూర ఎక్కువ వేసుకోండి, పొద్దున ఉగ్గానితో బజ్జీలు రోజూ కాకుండా ఎప్పుడో ఒకసారి పెట్టుకోండి, రోజూ అరగంట చెమట పట్టేలా నడవండి.

పెళ్లైతే అన్నీ సర్దుకుంటాయి అని ఇంట్లో అంటారు, సర్దుకోవు, పెళ్లి హార్మోన్‌కి మందు కాదు. ఈ వెంట్రుకల వల్ల కాలేజీ మానేసినవాళ్ళు, ఫంక్షన్లకి రానివాళ్ళు ఉండారు, నిద్ర పట్టకుండా, తిండి సహించకుండా అదే దిగులుగా ఉంటే అది కూడా డాక్టర్‌కి చెప్పండి, దానికీ వైద్యం ఉంది. పీసీఓఎస్ అని తేలితే మొహం నున్నగా అయిపోయినా షుగరు పరీక్ష మానొద్దు, డాక్టర్ చెప్పినదాన్ని బట్టి ఏడాదికో, రెండు మూడేళ్ళకో ఒకసారి చేయించుకుంటూ ఉండాలి, కడుపుతో ఉన్నప్పుడు మరీ ముఖ్యం. మీకుంటే మీ అక్కచెల్లెళ్ళకి కూడా ఉండే అవకాశం ఎక్కువ, వాళ్ళ నెలసరి ఎట్లా వస్తాందో ఒకసారి కనుక్కోండి.